ఇప్పపూవు: అడవి నుండి విపణికి

(సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సారస్వతమును, సంగీతమును గూర్చి ప్రసంగములు జరుగు వేదికపై సారాయి ప్రసక్తి ఏమిటని కొందరికి తోపవచ్చును. పిల్లలు, తల్లులు కూర్చున్న సభలో ఆ మాట ఎత్తుటయే సంకోచమును కలిగించును. అయినను ఇది మద్యపానమును మెచ్చుకొను ప్రసంగము కాదు. ఒక చెట్టును గూర్చి, ఆ చెట్టు పూవును గూర్చి, ఆ పూవును ఏరుకొని బ్రతుకు జనులను గూర్చి చెప్పు ప్రసంగము. ఆ చెట్టు భిలాయి చుట్టుపట్ల పల్లెలన్నిటిలోను కలదు. ఉక్కు కర్మాగారమునకు ఇనుపరాయి వచ్చు దల్లీ-రాజహరా గనుల త్రోవలో అడుగడుగునను కనబడును. హిందీలో దానిని మహువా అందురు. తెలుగువారికి అది ఇప్పచెట్టు.

చైత్రమాసమున తెల్లవారుజామున బాలోదు వైపు ప్రయాణము చేయువారికి ఒక దృశ్యము గోచరించును. ఆకులు రాలిన చెట్టు క్రింద ఒక ముసలి అవ్వ, ఆమె కోడలు, ఇద్దరు ముగ్గురు పిల్లలు వంగి నేలమీద ఏదో ఏరుచుందురు. దూరము నుండి చూచినచో చిందిన ముత్యములను ఏరుచున్నట్లుండును. దగ్గరకు పోయినచో గాలి అంతయు తియ్యని, కొంచెము మత్తైన వాసనతో నిండియుండును. అవి రాత్రివేళ రాలిన ఇప్పపూలు. సూర్యుడు పైకెక్కులోగా వారి బుట్ట నిండవలెను. ఎండ ముదిరినచో పూవు వాడును, పశువులు మేయును, చీమలు పట్టును.

ఈ పూవు 2021లో సముద్రములు దాటి ఫ్రాన్సు దేశమునకు పోయినది. దాని సారము అందమైన సీసాలలో నిండి మహానగరముల అంగళ్ళలో కూర్చున్నది. ఇది మేలా, కీడా? మేలైనచో అది ఎవరికి దక్కుచున్నది? నేటి ప్రసంగమునకు విషయమిదియే.

ఇప్పపూవు కథకు ముందు, దూరదేశపు కథ యొకటి చెప్పవలసియున్నది. అది కొరియా కథ. ఆ దేశములో పూర్వము ప్రతి ఇంటను బియ్యముతో కల్లువంటి తెల్లని పానీయమును చేసుకొనెడివారు. దాని పేరు మక్‌గొల్లి. పితృదేవతల పూజకు, పొలము పనులకు, పెండ్లిండ్లకు ఇంటి ఇల్లాలే దానిని సిద్ధము చేయును. ఏ ఇంటి రుచి ఆ ఇంటిది. 1909లో జపాను ప్రాబల్యము క్రింద అచ్చట మద్యముపై పన్ను చట్టము వచ్చెను. 1916లో అది మరింత బిగిసెను. 1934 నాటికి ఇంట చేసుకొను అనుమతులు పూర్తిగా రద్దయ్యెను. ఇల్లాలి చేతిపని నేరముగా మారెను. ప్రభుత్వ బొక్కసమునకు మద్యపు పన్ను పెద్ద రాబడి అయ్యెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను ఆ పద్ధతి వెంటనే మారలేదు. యుద్ధముచే దేశము చితికిపోయినది, తిండిగింజలు చాలలేదు. 1965లో బియ్యముతో మద్యము చేయరాదని ఆ ప్రభుత్వము శాసించెను. చౌక పిండి పదార్థముల నుండి తీసిన మద్యసారములో నీరు కలిపిన సోజు అంతటను వ్యాపించెను. దేశము కోలుకొని ధాన్యము సమృద్ధియైన తరువాత కొరియా వారికి తాము పోగొట్టుకొన్నది గుర్తునకు వచ్చెను. 1986లో, సియోలు ఒలింపిక్కులకు రెండేండ్లకు ముందు, కొన్ని ప్రాచీన పానీయములను జాతీయ వారసత్వ సంపదగా గుర్తించిరి. అందులో మ్యన్‌చన్ అను ఊరి పానీయమొకటి అజేలియా పూలు వేసి చేయునది. 1995లో ఇంటి వాడుకకు చేసుకొనుటను మరల అనుమతించిరి. 2021లో మక్‌గొల్లి తయారు చేయు విద్యయే దేశపు వారసత్వములలో చేరెను.

ద్రాక్షాసవము అచ్చట మొదట లేదు. 1977లో మాజువాంగ్ అను పేర ఒక సంస్థ దానిని విడుదల చేసెను. కాథలిక్కుల ప్రార్థనలలో దానిని వాడిరి. తరువాత యంగ్‌డాంగ్ మండలములో ద్రాక్షతోటల రైతులే చిన్న చిన్న ఆసవశాలలను పెట్టుకొనిరి. యూరపు ద్రాక్ష ఆ దేశపు వానలకు, చలికి సులభముగా నిలువదు. కనుక వారు తమ నేలకు తగిన రకములను పండించిరి. అంతటితో ఆగక తమ పండ్లవైపు చూచిరి. చెంగ్‌డో అను ఊర జపాను పండు అని మనవారు పిలుచు పెర్సిమన్ పండ్లు విస్తారముగా పండును. వాటితో ఆసవము చేసి, ఒకప్పుడు రైళ్ళు నడిచి విడువబడిన సొరంగములో నిలువ చేయుదురు. ఏ ఋతువులోనైనను ఆ సొరంగము చల్లగా నుండును. ఇప్పుడది యాత్రికులు చూడబోవు స్థలమైనది. కొరియా చలన చిత్రములు, పాటలు లోకమున వ్యాపించిన కొలది వారి పానీయములను రుచి చూడవలెనను కోరికయు వ్యాపించినది.

ఈ కథలో గ్రహింపదగినవి రెండు. పరదేశపు ద్రాక్షనే అనుకరించుచు కూర్చుండక, తమ నేల ఇచ్చిన పండునకు, పూవునకు వారు గౌరవము కల్పించిరి. ఇంటిలో పుట్టి, చట్టము చేత నేరమైన విద్యను మరల విద్యగా నిలిపిరి. ఈ రెండు విషయములలోను కొరియా మక్‌గొల్లికి తోబుట్టువు ఏదియని వెదకినచో, అది దండకారణ్యపు ఇప్పపూవే.

ఇప్ప మన నేలకు ఎంత పాతదో దాని పేర్లే చెప్పును. తమిళులు ఇలుప్పై అందురు, కన్నడిగులు ఇప్పె అందురు, గోండులు ఇరుప్ అందురు. భాషలు వేరుపడక పూర్వమే ఈ చెట్టు ఈ జనుల కందరికిని తెలిసియుండెనని భాషావేత్తలు ఊహింపవచ్చును. సంస్కృతములో మధూకము. గుడపుష్పమనియు, మధుద్రుమమనియు అమరకోశము దీనికి పర్యాయపదముల నిచ్చినది. బెల్లమువంటి పూవు, తేనెవంటి చెట్టు అని అర్థము. ఆలలు లేని ఊరికి ఇప్పపూవే చక్కెర యని తమిళ దేశమున ఒక సామెత కలదు. చరకసంహిత ఆసవములను వర్గములుగా విభజించుచు, పూలతో చేయునవి పది యని చెప్పి, వాటిలో మధూకపుష్పమును చేర్చినది. కావున ఇది అనాగరికుల పానీయమని ముక్కు విరుచువారు మన ప్రాచీన వైద్యుల నొకమారు తలచుకొనుట మంచిది.

చెట్టు మెల్లగా పెరుగును. పూతకు వచ్చుటకు ఇంచుమించు పదేండ్లు పట్టును. తరువాత తరములకొద్దీ ఇచ్చుచునే యుండును. తాత నాటని చెట్టు, తండ్రి నీరు పోయని చెట్టు, మనుమనికి ఏటేట ఒక పంట నిచ్చును. ఫాల్గుణ చైత్రములలో ఆకు రాలి, కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా పూయును. రేకులు పలుచని రేకులు కావు. లేత పసుపు తెలుపు కలిసిన కండగల గుళికలు. ఎండిన పూవులో సగమునకు మించి చక్కెరయే యుండును. పూవు తరువాత కాయ, కాయలో గింజ. ఆ గింజ నుండి ఇప్పనూనె తీయుదురు. అది వంటకు, దీపమునకు, సబ్బునకు పనికివచ్చును. నూనె తీయగా మిగిలిన పిండిని చేపల చెరువులలో వాడుదురు. వ్యర్థమైన భాగమేదియు లేదు.

ఏరుట మాత్రము సులభము కాదు. చెట్టు క్రింద ఎండుటాకులు దట్టముగా పడియుండును. పూవు వాటిలో దాగును. అందుచేత ముందుగా ఆకులకు నిప్పు పెట్టి నేలను శుభ్రము చేయుట అనాదిగా వచ్చిన అలవాటు. ఆ నిప్పు ఒక్కొక్కప్పుడు అడవికి అంటుకొనును. ఎలుగుబంటికి ఇప్పపూవు మిక్కిలి ఇష్టము. చీకటి విడువక ముందే చెట్టు క్రిందికి పోవు స్త్రీ, తనకంటె ముందు వచ్చిన ఎలుగును చూడక గాయపడిన ఘటనలు ప్రతి వేసవిలోను వినబడును. సర్గుజా, కోర్బా ప్రాంతములలో ఏనుగులును ఈ పూవు వాసనకు ఊరిలోనికి వచ్చును. నగరములో సీసా మూత విప్పువానికి ఆ సీసాలో ఎలుగు భయమును, తెల్లవారుజాము చలియు కూడ నిండియున్నవని తెలియదు.

ఇంట చేయు విధానము సరళమైనది. ఎండిన పూలను కుండలో నీట నానవేయుదురు. కొన్నిచోట్ల అడవి వేళ్ళతో చేసిన పులియబెట్టు ముద్దను కలుపుదురు. వేసవిలో నాలుగైదు దినములు, చలి కాలమున వారము దాటి పట్టును. పులిసినదానిని పొయ్యిమీది పెద్ద కుండలో పోసి, దానిపై మరియొక పాత్రను బోర్లించి, సందులను తడిమట్టితో మెత్తుదురు. పై పాత్రలో చల్లనినీరు మార్చుచుందురు. ఆవిరి చల్లబడి చుక్కచుక్కగా లోని పాత్రలోనికి గాని, వెదురు గొట్టము ద్వారా బయటికి గాని దిగును. మంట ఎంత యుండవలెను, నీరు ఎన్నిమార్లు మార్చవలెను, మొదట దిగినది ఎంత ఘాటు, చివర దిగినది ఎంత పలుచన అనునది ఏ గ్రంథములోను చదువుకొని నేర్చినది కాదు. తల్లి చేతి నుండి కూతురి చేతికి వచ్చిన విద్య.

బస్తరు సీమలోను, ఆదిలాబాదు అడవులలోను ఇప్పసారము లేని శుభకార్యము గాని, అశుభకార్యము గాని లేదు. త్రాగుటకు ముందు కొన్ని చుక్కలను నేలపై పోయుదురు. అవి భూమికి, గతించిన పెద్దలకు. పిల్ల నడుగుటకు పోవునపుడు దానిని తీసికొని పోవుదురు. తగవు తీరినపుడు ఇరువైపులవారు పంచుకొందురు. మధ్యభారతములో జీవితమును గడపిన వెరియరు ఎల్విను, ఆదిలాబాదు రాజగోండుల నడుమ పనిచేసిన హైమండార్ఫు తమ గ్రంథములలో ఈ ఆచారములను వర్ణించిరి. ఇప్పచెట్టు వారికి వ్యాపారపు సరకు కాదు, ఇంటి పెద్ద.

ఇట్టి పానీయము నేరమెట్లయ్యెను? కొరియాలో జరిగినదే మన దేశమున అంతకు ముందే జరిగినది. 1878లో బొంబాయి రాజధానిలో అబ్కారీ చట్టము వచ్చెను. ఇంటింట చేసుకొనుటను ఆపి, పెద్ద బట్టీలలో చేయించి, ముద్రవేసి, పన్ను విధించుటకు అది త్రోవ చేసెను. ముంబయి దగ్గరి ఉరణ్‌లో ఇప్పసారా బట్టీలు పెద్ద యెత్తున నడచెను. అయినను పల్లెవారు చెట్టు క్రింద పూవు ఏరుకొనుట మానలేదు. కనుక 1892లో మ్హౌరా చట్టమని ఒక విచిత్రమైన చట్టమును తెచ్చిరి. దాని ప్రకారము ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపూవును సేకరించుటయే, ఇంట ఉంచుకొనుటయే నిషిద్ధము. తన చెట్టునుండి రాలిన పూవును తన బుట్టలో వేసికొనుట నేరము. సారా మాట దేవుడెరుగు, ఆ పూవును ఉడికించి తిని కరవు గడుపు పేదకు తిండియు పోయెను. ఆ చట్టము మద్యపానమును మాన్పుటకు వచ్చినది కాదు. బట్టీ సారాకు పోటీ లేకుండ చేయుటకు వచ్చినది.

స్వతంత్ర భారతమున రాజ్యాంగపు 47వ అధికరణము మత్తు పానీయములను నిషేధించుటకు ప్రభుత్వములు ప్రయత్నింపవలెనని చెప్పుచున్నది. అదే సమయమున గిరిజనుల ఆచారములను కాపాడవలసిన బాధ్యతయు కలదు. ఈ రెంటికి నడుమ త్రోవగా, షెడ్యూలు తెగలవారు ఇంటి వాడుకకు, పండుగలకు పరిమితముగా చేసికొనుటకు మధ్యప్రదేశ, ఛత్తీస్‌గఢ్ వంటి రాష్ట్రములు సడలింపు నిచ్చినవి. 1996 నాటి షెడ్యూలు ప్రాంతముల పంచాయతీ చట్టము మద్యమును నిషేధించుటకు గాని, నియంత్రించుటకు గాని గ్రామసభలకు అధికారమిచ్చెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము చిన్న తరహా అటవీ ఉత్పత్తులపై వాటిని సేకరించు వారికే యాజమాన్యమిచ్చెను. కాగితముపై హక్కు పూర్తియైనది. సంతలో తూకము వేయువాని చేతిలో అది ఎంత మిగులునన్నది వేరు సంగతి.

కడచిన పదిపదునైదు సంవత్సరములలో కథ కొత్త మలుపు తిరిగినది. గోవా వారి జీడిమామిడి ఫెనీకి 2009లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించెను. 2016లో ఆ రాష్ట్రము దానిని వారసత్వ పానీయముగా ప్రకటించెను. దేశపు సొంత పానీయమును దాచుకొననక్కర లేదన్న ధైర్యము వ్యాపారులకు కలిగెను. ఇందులో తెలుగుసీమకును ఒక పాలు కలదు. పొలముల గట్లమీద కంచెగా పెరుగు కిత్తనారను మనవారు నారకు తప్ప మరి దేనికి వాడిరి? మెక్సికోలో ఆ జాతి మొక్క నుండియే జగత్ప్రసిద్ధమైన టెకీలా చేయుదురు. డెస్మండ్ నజరెత్ అను వ్యక్తి చిత్తూరు జిల్లాలో చిన్న బట్టీ పెట్టి, దక్కను పీఠభూమి కిత్తనార నుండి అట్టి పానీయమును తీసి 2011లో విపణికి తెచ్చెను. 2018లో ఆ సంస్థయే ఇప్పపూల పానీయమును గోవాలో విడుదల చేసెను.

తరువాత ప్రభుత్వములు కదలెను. 2021లో మహారాష్ట్రము ఇప్పపూవు సేకరణపై, రవాణాపై, నిలువపై యున్న పాత నిర్బంధములను తొలగించెను. అదే సంవత్సరము నవంబరులో మధ్యప్రదేశ ముఖ్యమంత్రి ఇప్పసారమును వారసత్వ మద్యముగా గుర్తింతుమని ప్రకటించిరి. అందుకు నియమములు వచ్చి, అలీరాజ్‌పూరు, దిండోరీ జిల్లాలలో గిరిజన స్వయంసహాయక సంఘములే బట్టీలు నడపి, మోండ్, మోహులో అను పేరులతో సీసాలు తెచ్చిరి. 2024లో మహారాష్ట్రములోని సౌత్ సీస్ అను సంస్థ సిక్స్ బ్రదర్స్ అను పేరుతో ఇప్పసారమును మేలిరకపు పానీయముగా విడుదల చేసెను. నూరేండ్లకు పైగా నాటుసారా యని ఈసడింపబడినది ఇట్లు గాజు సీసా నెక్కెను.

ఛత్తీస్‌గఢ్ మరియొక త్రోవ పట్టెను. ఇచ్చట సారమునకంటె పూవునకే ప్రాధాన్యమిచ్చిరి. రాష్ట్ర చిన్న తరహా అటవీ ఉత్పత్తుల సహకార సమాఖ్య స్త్రీల సంఘముల ద్వారా పూవును కొని, ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్ అను పేర తినుబండారములను అమ్ముచున్నది. చెట్టు క్రింద వలలు కట్టి, పూవు నేల తాకకుండ పట్టు పద్ధతిని ప్రవేశపెట్టిరి. వల కట్టినచో ఆకులకు నిప్పు పెట్టనక్కర లేదు, మట్టి అంటదు, నడుము వంచనక్కర లేదు. ఒక్క వల వలన అడవికి, పూవునకు, అవ్వ నడుమునకు మూడు మేళ్ళు కలిగెను. 2021 జూలైలో కోర్బా ప్రాంతపు అడవుల నుండి సేకరించిన ఎండు ఇప్పపూవు సముద్రమార్గమున ఫ్రాన్సుకు ఎగుమతి అయినది. 2020లో కేంద్ర ప్రభుత్వము ఎండు పూవు కనీస మద్దతు ధరను కిలోకు 17 రూపాయల నుండి 30 రూపాయలకు పెంచెను. వలపై పట్టిన శుభ్రమైన పూవునకు ఇంతకు మించిన ధర పలుకుచున్నది.

మత్తు లేని త్రోవలును కలవు. ఆదిలాబాదు జిల్లా ఉట్నూరులో ఆదివాసీ స్త్రీలు ఇప్పపూవుతో లడ్డులు చేయుచున్నారు. రక్తహీనత గల స్త్రీలకు, బాలికలకు బలమైన ఆహారముగా వాటికి పేరు వచ్చెను. 2025 మార్చిలో ప్రధానమంత్రి తమ ఆకాశవాణి ప్రసంగమున ఆదిలాబాదు సోదరీమణుల ఇప్పపూల వంటకములను ప్రస్తావించిరి. జశ్‌పూరు జిల్లా స్త్రీల సంఘములు ఇప్పపూల పాకమును చేసి అమ్ముచున్నవి. తెలుగు గృహములలో నువ్వులు, బెల్లము కలిపి దంచు చిమ్మిలికి ఇప్పపూవు దగ్గరి చుట్టమేనని తిన్నవారికి తెలియును.

ఇంతవరకు విన్నవారికి అంతయు శుభమే యని తోచవచ్చును. అట్లు తోచరాదు. ఈ సభలోని తల్లులలో పలువురు సారా వలన ఇండ్లు కూలుటను కన్నులార చూచినవారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొను స్త్రీలు 1992లో సారాపై తిరుగబడిరి. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగెను. చీపురు, కారము ఆయుధములుగా లేచిన ఆ పల్లె స్త్రీల ధాటికి 1993 అక్టోబరు ఒకటవ తేదీన సారా నిషేధము అమలయ్యెను. 1995లో సంపూర్ణ నిషేధము వచ్చి, 1997లో సడలెను. సారా నిషేధము కొరకు తెలుగు స్త్రీలు పడిన పాటును మరచి, సారాకు అందమైన పేరు పెట్టి పొగడుట ద్రోహమగును.

దూబగుంట దూరమైనచో దల్లీ-రాజహరా దగ్గర. భిలాయి కొలుములకు ఇనుపరాయి నందించు ఆ గనులలో ఒప్పందపు కూలీలు 1977లో సంఘముగా ఏర్పడి పోరాడి కూలి పెంచుకొనిరి. కూలి పెరిగెను, కాని పెరిగిన కూలి సారా దుకాణమునకు పోవుట మొదలిడెను. ఆ సంగతి గ్రహించిన కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి 1980 దశకపు ఆరంభమున మద్యవిరోధ ఉద్యమమును నడపెను. త్రాగుట మానితిమని కూలీలే ప్రతిజ్ఞ పట్టిరి, స్త్రీలు ముందు నిలిచిరి. ఆ కార్మికుల శ్రమతోనే 1983లో అచ్చట షహీద్ ఆసుపత్రి వెలసెను. 1991 సెప్టెంబరులో భిలాయిలోనే నియోగి హత్యకు గురియయ్యెను. ఆ జనులు సారా మానుట వలన ఏమి సాధించిరో ఆ ఆసుపత్రి గోడలే చెప్పును.

అయినచో ఏది సత్యము? పూవు గౌరవమా, రోశమ్మ కోపమా? రెండును సత్యములే. రోశమ్మ ఎదిరించినది పూవును కాదు. ఊరూర వేలము పాడి, పాకెట్లలో నింపి, కూలి దినమునే కూలిని గుంజుకొను వ్యాపారమును ఆమె ఎదిరించినది. గోండు ఇంటి ఆచారములో త్రాగుటకు వేళ కలదు, కారణము కలదు, పెద్దల కన్ను కలదు. దుకాణములో ఇవేవియు లేవు. నవాసారము, యూరియా కలిపి తొందరగా పులియబెట్టిన నాటుసారాకును, ఇంటి కుండలో దిగిన ఇప్పసారమునకును పేరొకటే యైనను గుణమొకటి కాదు. అట్లని ఇంటి సారము నిరపాయమని చెప్పుటయు తప్పే. ఏ పానీయమైనను హద్దు మీరినచో విషమే. ఇల్లు గడచుట కష్టమైన చోట హద్దు మీరుట ఇంకను సులభము.

అందువలన అడుగవలసిన ప్రశ్న త్రాగువాని వైపు నుండి మాత్రమే కాక, ఏరునామె వైపు నుండియు అడుగవలెను. పూవు కిలో ధర పదుల రూపాయలలో నున్నది. సీసా ధర వందలలో, వేలలో నున్నది. నడుమనున్న ధనమంతయు ఎచ్చటికి పోవుచున్నది? కొరియాలో ద్రాక్ష పండించిన రైతే తన తోటలో ఆసవశాల పెట్టుకొనెను. కనుక పండు ధరయు, సీసా ధరయు అతని ఇంటికే చేరెను. ఇచ్చట పూవు ఏరునామెకు బట్టీ పెట్టు స్తోమత లేదు, అనుమతి పొందు చదువు లేదు, సీసాపై అంటించు పత్రమునకు భాష లేదు. దిండోరీ, అలీరాజ్‌పూరు సంఘములు ఈ కొరత తీర్చుటకు జరిగిన తొలి ప్రయత్నములు. అవి నిలుచునా, పెద్ద వర్తకుల ముందు కూలునా యన్నదే అసలు పరీక్ష.

మేలు నిలువవలెనన్నచో నాలుగు పనులు జరుగవలెను. మొదటిది చెట్టు. ఉన్నవన్నియు ముసలి చెట్లు. పూవును, గింజను పూర్తిగా ఏరుకొనుట చేతను, మొలకెత్తిన మొక్కను పశువులు మేయుట చేతను కొత్త చెట్లు లేచుట లేదు. నేడు నాటినది పదేండ్లకు గాని పూయదు. విపణి పెరిగి చెట్టు తరిగినచో విపణియు మిగులదు. రెండవది తూకము. వేసవిలో అప్పునకు పూవు నమ్మి, వానకాలమున అదే పూవును హెచ్చు ధరకు కొనుక్కొను దుస్థితి పల్లెలలో కలదు. నిలువ చేయు గోదాములు స్త్రీల సంఘముల చేతిలో నుండవలెను. మూడవది పేరు. ఫెనీకి గోవా పేరు నిలిచినట్లు, ఈ సారమునకు దానిని కనిపెట్టిన జనుల పేరు నిలువవలెను. నాలుగవది హద్దు. ఏ గ్రామసభ మద్యము వద్దనునో, ఆ గ్రామపు మాట ఏ వర్తకుని లాభము కంటెను పైదిగా నుండవలెను.

భిలాయిలోని తెలుగు కుటుంబములలో అనేకములు శ్రీకాకుళ విశాఖ ప్రాంతముల నుండి, ఇప్పచెట్లు పెరిగిన మన్యపు అంచుల నుండియే వచ్చినవి. 1955 ఒప్పందము పిమ్మట కర్మాగారము లేచినపుడు, 1959 ఫిబ్రవరిలో తొలి ఊదుకొలిమి వెలిగినపుడు, ఈ నేల ఆ కుటుంబములకు అన్నము పెట్టినది. ఈ నేల సొంతబిడ్డలు మాత్రము ఇంకను తెల్లవారుజామున చెట్టు క్రింద వంగియే యున్నారు. ఈ సంఘము వారు ఏటేట జరుపు ఉగాది సంబరములలో వేపపూవుతో పాటు ఒక పళ్ళెములో ఇప్పపూల లడ్డును, అది కూడ స్త్రీల సంఘముల యొద్ద న్యాయమైన ధరకు కొని, ఉంచినచో అది చిన్న పనియే యైనను సార్థకమగును. చేదు పూవును తినుటకు తెలుగువారికి ఆచారమున్నది. తీపి పూవును తినుటకు అభ్యంతరమేమి?

దూరదేశమున ఒకడు ఆ సీసాను దీపపు వెలుతురులో పైకెత్తి చూచి, ఇందులో ఏ పూవు వాసన యని అడుగునాడు, దానికి సమాధానము చెప్పు హక్కు ఏరిన చేతులకు ఉండవలెను. ఆ దినము వచ్చినచో ఇప్పపూవు నిజముగా విపణికి చేరినట్లు. అంతవరకు అది అడవి నుండి బయలుదేరి త్రోవలో నున్నట్లే.